గ్రీన్‌రూం బొమ్మలు

నళిని బొమ్మలు గీయడం కోపంతో మొదలుపెట్టింది. అంతకుముందు ఆమె గీసినవల్లా వాకిట్లో ముగ్గులు, కూతురి సైన్సు నోట్సులో పువ్వు భాగాలు. ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలోనే పెళ్లి చేసి పంపించారు కాబట్టి, కాలేజీ పుస్తకాల అంచుల్లో లెక్చరర్ల మీసాలు గీసుకునే సరదా కూడా ఆ పుస్తకాలతోపాటే సగంలో ఆగిపోయింది.

ఆ కోపం పోయినేడాది వార్షికోత్సవం నాటిది. చిక్కడపల్లి కూరగాయల మార్కెట్టు వెనక సందులో, రెండో అంతస్తులో కమలాకుమారి గారి నాట్య పాఠశాల ఉంది. ఏటా ఒక బ్యాలే వేస్తారు. బ్యాలే అంటే మునివేళ్ల మీద నిలబడి తిరిగేది కాదు. కూచిపూడి అడుగులతో, ముందే రికార్డు చేసిన పాటతో, నలభై మంది పిల్లలతో ఆడే నృత్యనాటకం. పాంప్లెట్ మీద బ్యాలే అని అచ్చు వేస్తారు, అందరూ అట్లాగే అంటారు.

పోయినేడు అందులో నళిని కూతురు తన్మయి లేగదూడ. ఏడేళ్ల పిల్ల. మధ్యాహ్నం రెండింటికే వేషం తొడిగారు. జిప్పు పాడైందని వీపు మీద దారంతో కుట్టేశారు. ఆరింటికి స్టేజీ ఎక్కాల్సిన దూడలు ఎనిమిదైనా తెర పక్కనే నిలబడి ఉన్నాయి, ఎందుకంటే బయట ముఖ్య అతిథి మాట్లాడుతున్నాడు, ఆయన తర్వాత విశిష్ట అతిథి ఉన్నాడు, ఆయన తర్వాత ఆత్మీయ అతిథి ఉన్నాడు. తన్మయి రెండు కాళ్లూ దగ్గరకు బిగించుకుని, తల్లి కొంగు నోట్లో పెట్టుకుని ఏడుపు ఆపుకుంటున్నది. నళిని కనపడిన ప్రతి ఒక్కరినీ బతిమాలింది. కుట్లు విప్పితే మళ్లీ కుట్టేదెవరు, కాసేపు ఓర్చుకోమను అన్నారు. ఆఖరికి మేకప్ వేసే హనుమప్ప చేతిలో బ్రష్షు పక్కన పెట్టి, కత్తెర తీసుకుని, పిల్ల వీపు మీది దారాన్ని చరచరా కత్తిరించి, బాత్రూంకు తీసుకుపొమ్మన్నాడు, మళ్లీ తనే కుడతానన్నాడు. కమలాకుమారి మేడం వచ్చి ఎవరు విప్పారని అరిస్తే తనే అన్నాడు. నలుగురిలో తిట్లు తింటూ సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. మర్నాటికి పిల్లకు జ్వరం, మూత్రంలో మంట, వారం రోజుల మందులు.

నళిని ఎవరినీ ఒక్క మాట అనలేకపోయింది. అంటే పిల్లను చివరి వరసలోకి నెట్టేస్తారు. తన్మయికేమో ఆ స్కూలంటే ప్రాణం. నిద్రలో కూడా పాదాలు కదుపుతుంది. తాను ఏదీ చివరిదాకా నేర్చుకోలేదన్న బాధ ఒకటి గుండెలో ముల్లులా ఉన్న తల్లి, ఆ కదిలే పాదాలను చూసి నోరు మూసుకుంది.

నోరు మూసుకుంది గానీ చెయ్యి ఊరుకోలేదు. క్లాసు జరుగుతున్నంతసేపూ తల్లులంతా మెట్ల మీద వరసగా కూర్చుంటారు. మిగిలిపోయిన పాంప్లెట్ల వెనకవైపు తెల్లగా ఉంటుంది. కూతురి స్కెచ్ పెన్నుతో నళిని ఒక్కొక్కటే గీసింది. మైకు పట్టుకున్న ముఖ్య అతిథి కాళ్లకు వేర్లు పుట్టి స్టేజీ చెక్కల్లోకి దిగిపోయిన బొమ్మ. అందులోనే తెర పక్కన కాళ్లు మెలిపెట్టుకుని ఒక లేగదూడ. తొమ్మిది చేతుల మేడం. ఒక చేతిలో తాళం కర్ర, ఒక చేతిలో బొకే, ఒక చేత్తో సెల్ఫీ, ఒక చేత్తో చివరి వరస పిల్ల తొడ గిల్లుడు. ముందు వరసలో దాత గారి పొడవాటి అమ్మాయి, ఆమె వెనక కేవలం కొప్పులు మాత్రమే కనపడే పదిమంది గోపికలు. ఫోన్లు ఎత్తిపట్టుకున్న తండ్రులు, ఆ ఫోన్ల మధ్య ఎక్కడా కనపడని స్టేజీ.

అయిదోది హనుమప్ప బొమ్మ. ఆయన ఒక్కడే కుర్చీ ముందు నిలబడి ఉంటాడు. ముఖాలకు రంగు వేయించుకోవడానికి పిల్లల వరస గది దాటి, మెట్లు దిగి, మార్కెట్టులో వంకాయల బుట్టల దాకా సాగి ఉంటుంది. గోడ మీద గడియారం. కుర్చీ కింద చాయ్ గ్లాసు, దాని మీద మీగడ కట్టి, ఆ మీగడ మీద ఈగ. ఆయన చేతి చుట్టూ వణుకు గీతలు. పని అయిపోయిన పిల్లల కనుబొమలు అలల్లాగా వంకరటింకర. పొద్దున్నుంచి ఒక్క మనిషి చేత నలభై ముఖాలు వేయిస్తున్నారు, చాయ్ కూడా తాగనివ్వడం లేదు, చెయ్యి వణకక ఏమవుతుంది. నళిని చెప్పదలచుకున్నది అది.

ఈ ఏడు బ్యాలే గోవర్ధనోద్ధరణం. బాలకృష్ణుడి పాత్రకు ఇద్దరు పిల్లలను అనుకుని, చివరికి తన్మయిని ఖాయం చేశారు. రెండో పిల్ల మహిత కూతురు. మహిత దోమలగూడలో సొంత ఫ్లాటు ఉన్న మనిషి, మాట తీపి. ఖాయమైన మర్నాడు మెట్ల మీద నళిని పక్కనే కూర్చుని, ఏం గీస్తున్నారండీ చూపించండి అని సంచిలోంచి తనే తీసి చూసింది. కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే అయిదింటినీ ఫోన్లో ఫోటోలు తీసింది. అశోక్‌నగర్‌లో ఇంటికి చేరి నళిని చెప్పులు విడిచేలోపల అవి తల్లిదండ్రుల గ్రూపులో ఉన్నాయి. కింద మహిత రాసిన ఒక్క వాక్యం: మన నళిని గారి టాలెంట్ చూడండి.

నళిని మంచం అంచున కూలబడింది. వాళ్లుండేది పోటీ పరీక్షల పిల్లలు చదువుకునే హాలు మీద రెండు గదుల పోర్షన్. కింద వందమంది ఉన్నా సూది పడితే వినిపించే నిశ్శబ్దం. భర్త వెంకటేశ్ నారాయణగూడలో మందుల షాపు కట్టేసి వచ్చి, ఫోన్ చూసి, గొంతు పెంచకుండానే కోప్పడ్డాడు. పిల్లకు పాత్ర వచ్చిన సంబురం రెండు రోజులన్నా ఉండనివ్వవా అన్నాడు. నీకెందుకే గీ గీతలు అన్నాడు. తన్మయి అద్దం ముందు చూపుడు వేలు గాల్లోకి ఎత్తి కొండను మోస్తున్నది. నళిని ఆ వేలును చూసి ఫోన్ బోర్లా పెట్టేసింది. పిల్లకు ఏమని చెప్పాలి. మీ అమ్మ బొమ్మలు గీసింది, అందుకని నువ్వు మళ్లీ దూడవి అని చెప్పాలా.

మర్నాడు మేడం రమ్మన్నారని కబురొచ్చింది. కమలాకుమారి గారు గుంటూరు వైపు నుంచి వచ్చి నలభై ఏళ్లయినా మాటలో ఆ సాగతీత పోలేదు. ఆమె భర్త కాశీవిశ్వనాథం గారు స్కూలుకు కార్యదర్శి. ఇద్దరూ టేబుల్ వెనక కూర్చుని ఉన్నారు. ఫోటోలను కాగితాల మీద ప్రింట్ తీయించి వరసగా పరిచి పెట్టారు. నళిని తలుపు దగ్గరే ఆగిపోయింది. కాళ్ల మీద పడదామా, అవి నావి కావని అందామా అని ఆలోచిస్తూ మెట్లెక్కింది గానీ రెండింటికీ వ్యవధి దొరకలేదు.

"ఇవి నువ్వే గీశావా?"

"అవు మేడం. ఊకెనే... టైంపాస్‌కు."

"ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?"

ఆ గొంతులో కోపం లేదు. నళిని తల ఎత్తింది. కాశీవిశ్వనాథం గారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నారు, నవ్వి నవ్వి. మైకు బొమ్మను వేలితో పొడుస్తూ, ఇది అచ్చం ఆ విద్యానగర్ వాళ్ల ప్రోగ్రామేననీ, పోయినేడు తమను రెండు గంటలు కూర్చోబెట్టి చంపారనీ, ఆ లావుపాటాయనను భలే పట్టిందనీ భార్యకు చెప్పారు. గోపికల కొప్పుల బొమ్మ చూసి, ఇదివరకు తమ దగ్గర పనిచేసి వెళ్లిపోయి వేరే స్కూలు పెట్టుకున్న టీచర్ చేసే పని ఇట్లాగే ఉంటుందన్నారు. తొమ్మిది చేతుల బొమ్మను మేడం విడిగా తీసి తన వైపు పెట్టుకున్నారు. నన్ను అమ్మవారిని చేసేసింది చూడండి అని ఆమె ముఖం వెలిగిపోయింది. గిల్లుతున్న చేతిని చూపించి, పిల్లల భంగిమ సరిచేయడం కూడా వదల్లేదని మెచ్చుకున్నారు.

నళినికి ముందు ఊపిరి వచ్చింది, తర్వాత నవ్వు రాబోయింది, ఆ తర్వాత ఏదో చల్లగా వెన్నులోకి దిగింది. ఇంత విషం పోసి గీసినవి. ఒక్కరికీ ఎక్కలేదు. ప్రతివాళ్లూ పక్కవాళ్లను చూసుకుని నవ్వుతున్నారు. ఈ బొమ్మలను పెద్దవి చేయించి వార్షికోత్సవం రోజు హాలు బయట వరసగా పెడదామని కాశీవిశ్వనాథం గారు అప్పుడే కాగితం మీద రాసుకున్నారు.

అయిదో కాగితం దగ్గర మాత్రం మేడం నవ్వలేదు.

"ఇదొక్కటీ నిజం. పేరెంట్స్ చెప్తూనే ఉన్నారు, మొహమాటానికి నేనే ఊరుకున్నాను. చివరికి నీ కంట్లో కూడా పడిందంటే చూడు."

"అది గట్ల కాదు మేడం." నళిని టేబుల్ దగ్గరికి రెండడుగులు వేసింది. "ఆ చాయ్ చూడుండ్రి. ఆయనకు చాయ్ తాగనీకి గూడ టైం..."

చాయ్ కూడా వేసిందని మేడం భర్తకు చూపించారు, ఈగతో సహా. ఎంత గమనింపో అన్నారు. తర్వాత చాలా మెత్తగా, తల్లి తల్లితో మాట్లాడినట్టు అడిగారు.

"తన్మయి ఈసారి కృష్ణుడు కదా. ముఖమంతా నీలం వేయాలి. కళ్లు దిద్దాలి. ఆ చేతులతో వేయిస్తావా, చెప్పు?"

జవాబు నళిని నాలుక మీదే ఉంది. వేయిస్తాను అనాలి. ఆయన చేత తప్ప వేయించను అనాలి. కానీ మేడం అడిగిన ఆ ప్రశ్నను ఆమె అప్పటికే రెండు రాత్రులు తనకు తానే వేసుకుంది. వందలమంది ముందు తన పిల్ల ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి కనపడితే ఎట్లా అని. అందుకే, మీ ఇష్టం మేడం అంది.

ఆ మూడు మాటలతో పని అయిపోయింది. ఈసారి రెస్ట్ తీసుకోమని హనుమప్పకు ఫోన్ చేయించారు. హిమాయత్‌నగర్ నుంచి పెళ్లికూతుళ్లకు మేకప్ చేసే రాగిణి అనే అమ్మాయిని కుదిర్చారు. వెంకటేశ్ విని, ముసలాయన గూడ ఎన్ని రోజులు జేస్తడు అన్నాడు. నళిని అవునంది. రెండు రోజుల తర్వాత కోఠిలో కృష్ణుడి కిరీటానికి పూసలు ఏరుతూ ఉండగా కూడా, ఎవరూ అడగకపోయినా, మరోసారి అవునని తనలో తను అనుకుంది.

వార్షికోత్సవం రోజు సభ హాలు ముందు అయిదు బొమ్మలూ మనిషి ఎత్తున నిలబడ్డాయి. కింద ఎర్రటి పెద్ద అక్షరాలతో, హాస్య చిత్రాలు: శ్రీమతి నళిని. జనం ఆగి ఆగి చూస్తున్నారు. తండ్రులు, ఫోన్లెత్తిన తండ్రుల బొమ్మను ఫోన్లెత్తి ఫోటో తీసుకుంటున్నారు. మహిత పట్టుచీర సర్దుకుంటూ వచ్చి, మీ దశ తిరిగిందండీ, ఇంకేం, మాలాంటోళ్లను గుర్తుపెట్టుకోండి అని పోయింది. ఎక్కువమంది నవ్వుతున్నది అయిదో బొమ్మ దగ్గరే. వంకర కనుబొమలు చూసి పిల్లలు ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకుంటున్నారు.

లోపల తన్మయికి నీలం రంగు వేయడం అయిపోయింది. మెడ మీద రంగు చెరగకుండా పౌడర్ తెమ్మంటే నళిని బయటి షాపులో కొనుక్కుని తిరిగి వస్తున్నది. అప్పుడు చూసింది. అయిదో బొమ్మకు ఎదురుగా, ఇస్త్రీ చొక్కాతో, చంకలో పాత రెక్సిన్ సంచితో హనుమప్ప నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరగబోయింది గానీ ఆయన చూసేశాడు.

"ఇగో బిడ్డా, నన్ను గీసిన్రు. చూసినవా? ముక్కు గూడ గట్లనే ఉన్నది."

ఆయన ముఖంలో నవ్వే తప్ప ఇంకేమీ లేదు. నళిని పౌడర్ డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఆయన పన్నెండేళ్లకే నాటకాల సమాజంలో చేరాడు. పద్యాలన్నీ చెవితోనే నేర్చాడు గనక అక్షరాలు అక్కర రాలేదని, మేకప్ వేస్తూ ఒకసారి పిల్లలకు తనే చెప్పాడు.

"ఎవరు గీసిన్రు బిడ్డా? కింద పేరున్నది గదా. జర సదివి చెప్పు."

అరచేయంత అక్షరాలు. నళిని వాటి వైపు చూసింది.

"ఫ్లెక్సీ కొట్టినోళ్ల పేరు తాతా. గీసినోళ్లది ఎయ్యలే."

"గట్లనా." ఆయన మళ్లీ బొమ్మకేసి తిరిగాడు. "ఎవలో గని, తెలిసినోళ్లే. చాయ్ గిలాస గూడ ఇడ్వలే. నిజంగనే తాగలే నేను ఆ దినం."

ఇన్ని వందల కళ్లు చూశాయి. చాయ్‌ను చాయ్‌గా చూసింది ఈయనొక్కడే.

పాప ముఖం ఎట్లా వచ్చిందని ఆయన అడిగాడు. నీలంలో తెలుపు కాస్త ఎక్కువ కలపాలనీ, లేకుంటే లైట్ల కింద నల్లగా కొడుతుందనీ, కొత్తామెకు ఆ సంగతి చెప్పారో లేదో అనీ అన్నాడు. చెప్పామంది నళిని. చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తెలియదు. ఆయన తృప్తిగా తల ఊపి, మేడం రెస్ట్ తీసుకోమనడం ఒకందుకు మంచిదే అయిందనీ, ఇన్నేళ్లలో ఒక్క బ్యాలే కూడా ముందు నుంచి చూడలేదనీ, ఇవాళ కుర్చీలో కూర్చుని చూస్తాననీ చెప్పి లోపలికి నడిచాడు. ఎవరికన్నా అక్కరపడుతుందేమోనని సంచి మాత్రం తెచ్చుకున్నాడు.

గ్రీన్‌రూంలోకి వచ్చేసరికి గందరగోళంగా ఉంది. గోదాములోంచి కొండను ట్రాలీ ఆటోలో తెచ్చి దింపారు. రిహార్సల్స్‌లో కొండ లేదు. స్కూలు గదిలో అది పట్టదు. ప్లైవుడ్ చట్రం, దాని మీద రంగులు పూసిన గోనెపట్టా, వెనకాల రెండు చెక్క పిడులు. అది తనంతట తాను నిలబడదు. పాట మొదలైనప్పటినుంచి అయిపోయేదాకా వెనక ఒక మనిషి దాగి, రెండు చేతులతో పైకెత్తి పట్టుకోవాలి. కొంచెం వంగితే గోపబాలుర నెత్తిన పడుతుంది. ఇదివరకు ఎవరు పట్టుకునేవారని మేడం అరుస్తున్నారు. ఎవరికీ గుర్తులేదు. లైట్లు చూసే ఇంద్రసేన వైరు చుట్టుకుంటూ, హనుమప్ప గదా మేడం పట్టేది, ప్రతిసారి ఆయనే అన్నాడు. ఒక్కనాడన్న కదిలిందా అని కూడా అన్నాడు.

మేడం, కాశీవిశ్వనాథం గారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడాయన ఎక్కడున్నాడో, ఫోన్ చేస్తే ఎప్పటికి వచ్చేనో అన్నారు.

హనుమప్ప నలభై అడుగుల దూరంలో, హాల్లో ఉన్నాడు. ఆ సంగతి ఆ గదిలో నళినికొక్కదానికే తెలుసు. చెబితే ఆయన పరుగున వస్తాడు. వస్తే, నీ చేతులు వణుకుతాయనే కదయ్యా వద్దన్నది అని ఎవరో ఒకరు అంటారు. ఎవరు చెప్పారని ఆయన అడుగుతాడు. బయట బొమ్మ ఉంది కదా, ఈ నళినే కదా గీసింది అంటారు. పిల్ల ముందర అంటారు. తన్మయి కిరీటం కింద నుంచి కళ్లెత్తి తననే చూస్తున్నది. తాత ఏడి మమ్మీ, మల్ల రాలేదా అని పొద్దున్నుంచి మూడుసార్లు అడిగింది. జ్వరం వచ్చిందని చెప్పి ఉంది.

"నేను పడత మేడం" అంది నళిని.

మేడం ఆమె భుజం తట్టి, నీలాంటి తల్లి ఒక్కరుంటే చాలన్నారు.

అతిథుల మాటలు అయ్యాయి. శాలువాలు అయ్యాయి. పాట మొదలైంది. నళిని కొండ వెనక వంగి, పిడులు రెండూ పట్టుకుని లేచింది. మోయలేనంత బరువు కాదు గానీ మోచేతులు మడవడానికి లేదు. ముక్కుకు నాలుగంగుళాల దూరంలో ప్లైవుడ్, పాత వజ్రం జిగురు వాసన, మేకులు. ముందు ఏమీ కనపడదు. పక్కన సందులోంచి మాత్రం తన్మయి వీపు కనపడుతున్నది. పసుపు పట్టు మీద తను పొద్దున పెట్టిన ఏడు పిన్నీసులు, వాటిలో ఒకటి ఊడి వేలాడుతూ. అది గుచ్చుకుంటున్నదేమో. చేయి చాపితే అందుతుంది. చాపడానికి చెయ్యి లేదు.

కృష్ణుడు వేలు ఎత్తిన క్షణం హాలంతా చప్పట్లు మోగాయి. ఏడాదిగా ఆమె ఎదురుచూసిన ఘడియ ఇదే. పిల్ల నవ్విందో, బెదిరిందో, నీలం నీలంగా ఉందో, లైట్లకు నల్లబడిందో, కళ్లు రెండూ సమంగా ఉన్నాయో లేవో ఆమెకు తెలియలేదు. ఎదురుగా కుర్చీల్లో కూర్చున్న వాళ్లందరికీ తెలుసు. హనుమప్పకు తెలుసు.

భుజాల నుంచి నొప్పి మెడలోకి పాకింది. పాటలో ఇంకా రెండు చరణాలు ఉన్నాయి. నళిని పళ్లు బిగించి, తల ప్లైవుడ్డుకు ఆనించి, కొండను ఇంకొంచెం పైకెత్తింది.